కారు కారుతున్నది

వార్షిక సంచికకు ఏదైనా ఒక వ్యాసం ఇమ్మని విద్యార్థి మిత్రులు అడిగినప్పుడు, నేను పాఠం చెప్పే విషయం నుంచే ఏదో ఒకటి రాసి ఇద్దామనుకున్నాను. చదువుకున్నదీ చదువు చెబుతున్నదీ రసాయన శాస్త్రం. ఇనుముకు తుప్పు ఎట్లా పడుతుందో నల్లబల్ల మీద ఎన్నిసార్లు సమీకరణం రాశానో లెక్క లేదు. అట్టివాడి సొంత కారు కింద ఒక రేకు తుప్పు పట్టి, చిల్లులు పడి, చమురు కారుతూ ఉంటే దాదాపు ఏడాది పాటు అతగాడు గమనించలేదు. గమనించలేదనడం కూడా సరి కాదు, చూసి ఊరుకున్నాడు. కనుక బల్ల మీది తుప్పును పక్కన పెట్టి ఈ తుప్పు కథనే రాస్తున్నాను. ‘కారు కారుతున్నది’ అన్న శీర్షిక చూసి నవ్వుకునేవారు నవ్వుకోవచ్చు. మా ఇంట్లో మొదట నవ్వింది నేనే.

ఆయిలు సంపు అంటే ఇంటి ముందు నీళ్ళ సంపు వంటిదే అనుకోండి, కాకపోతే ఇంజను అడుగున ఉంటుంది. మన మెకానిక్కులు దాన్ని ‘చాంబరు’ అంటారు. ఉక్కు రేకును పళ్ళెం ఆకారానికి నొక్కి, చుట్టూ అంచు తీసి, ఆ అంచును బోల్టులతో ఇంజను కింద బిగిస్తారు. మధ్యలో బెండు ప్యాకింగు. చమురంతా ఇందులో నిలవ ఉంటుంది. పంపు ఒకటి దాన్ని జాలీ గుండా పీల్చి బేరింగులకు పంపుతుంది, అక్కడి నుంచి అది తిరిగి పళ్ళెంలోకే రాలుతుంది. మనిషి ఒంట్లో నెత్తురు తిరిగినట్టు అని చెప్పడం వాడుక గానీ, నెత్తురు కొంచెం పోయినా మనిషి కేక వేస్తాడు. ఇంజను వేయదు. వేసేసరికి పని అయిపోయి ఉంటుంది.

మాది 1984 మోడలు అంబాసిడరు, మార్క్ ఫోర్, పెట్రోలు బండి. మా నాయన చిత్తూరులో టాక్సీ తోలి సంపాదించి కొన్న బండి అది. దాని మీదనే నేను చదువుకున్నాను. ఇంగ్లండు వారి మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సీరీస్ త్రీ అనే కారును హిందూస్తాన్ మోటార్స్ వారు మన దేశానికి తెచ్చి, కలకత్తా దగ్గరి ఉత్తరపారాలో 1950ల చివర నుంచి 2014 దాకా తయారు చేశారు. మా బండిలోని 1489 సి.సి. ఇంజను కూడా పుట్టుకతో ఇంగ్లీషుదే. అందుచేత దాని బోల్టులకు అంగుళాల లెక్క పానాలు కావాలి. మిల్లీమీటర్ల పానా పెట్టి తిప్పితే బోల్టు తల గుండ్రంగా అరిగిపోతుంది, ఆ తరువాత ఉలి పట్టవలసి వస్తుంది. ఇది ముందే చెప్పి పెట్టుకుంటున్నాను, ఎందుకంటే మొదటి రోజే రెండు తలలు పాడుచేశాను.

2021 నవంబరులో తిరుపతిలో కురిసిన వానలు ఈ సంచిక చదివేవారికి గుర్తు చేయనక్కరలేదు. వీధులు కాలువలయ్యాయి, స్వర్ణముఖి పొంగింది. మా వీధిలో బండి ఒక పగలూ ఒక రాత్రీ సగం చక్రం దాకా నీళ్ళల్లో నిలబడింది. నీళ్ళు తీసిన తరువాత పైన కడిగించాను, సీట్లు ఎండబెట్టించాను, బ్రేకులు చూపించాను. కింద ఎవరూ చూడలేదు. సంపు అంచు మీదా మూలల్లోనూ వరద మట్టి మెత్తగా పేరుకుపోయి నెలల తరబడి తడి పట్టుకొని ఉన్నది. ఇనుమూ తడీ గాలీ మూడూ ఒకేచోట ఉంటే ఏమవుతుందో నేనే కదా పాఠం చెప్పేది!

ఇందులో ఒక తమాషా ఉంది. నిత్యమూ కాస్త నూనె చెమర్చే పాత ఇంజనుకు సంపు పైన తుప్పు తక్కువ. ఆ జిడ్డే దానికి కాపుదల. బాగా బిగువుగా, పొడిగా ఉన్న ఇంజను పళ్ళేనికే బయటినుంచి తుప్పు తగులుతుంది. లోపలినుంచి తగిలే తుప్పు వేరు. ఒక లీటరు పెట్రోలు మండితే ఉజ్జాయింపుగా ఒక లీటరు నీరు పుడుతుంది. నమ్మనివారు ఆక్టేను దహన సమీకరణం రాసి లెక్క వేసుకోవచ్చు. అందులో దాదాపు అంతా ఆవిరిగా గొట్టం గుండా బయటికి పోతుంది గానీ, రవ్వంత పిస్టను రింగుల సందున కిందికి దిగి సంపులో చల్లబడుతుంది. దూరాలు పోయే బండిలో చమురు వేడెక్కి ఆ నీటిని తిరిగి ఆవిరి చేస్తుంది. ఇంటి నుంచి కాలేజీకి, కాలేజీ నుంచి ఇంటికి మాత్రమే తిరిగే నా బండి వంటి దానిలో ఆ అవకాశం లేదు. నీరు నూనె కన్నా బరువు, అడుగున చేరి కూర్చుంటుంది. కాబట్టి పళ్ళెంలో అన్నిటికంటె పల్లమైన చోటనే, అంటే చమురు తీసే మర దగ్గర, లోపల తుప్పు మొదలవుతుంది. పైన వరద మట్టి, లోపల ఈ నీరు. రెండు వైపులా తింటే రేకు ఎన్నాళ్ళుంటుంది?

2022 ఎండాకాలంలో బండి కింద నేల మీద నల్లటి మచ్చ కనబడింది. మాది మట్టి నేల, ఎంత కారినా పీల్చుకుంటుంది. రూపాయి బిళ్ళంత మచ్చను చూసి ‘ఏముందిలే, పాత బండి’ అనుకున్నాను. ఇక్కడ చిన్న లెక్క చెబుతాను, విద్యార్థులు కోపగించుకోరాదు. నూనె చుక్కలు ముప్పై కలిస్తే ఒక మిల్లీలీటరు అనుకుందాం. నిమిషానికి ఒక్క చుక్క చొప్పున కారితే గంటకు రెండు మిల్లీలీటర్లు, రోజుకు నలభై ఎనిమిది, నెలకు దాదాపు లీటరున్నర. మా బండి సంపు పట్టేది నాలుగు లీటర్ల పై మాట. అంతేకాదు, ఇది బండి నిలబడి చమురు చల్లగా ఉన్నప్పటి లెక్క. మామూలుగా మనం పోసే 20డబ్ల్యూ50 చమురు 40 డిగ్రీల దగ్గర ఉన్నంత చిక్కగా 100 డిగ్రీల దగ్గర ఉండదు, ఎనిమిది తొమ్మిది రెట్లు పలచబడుతుంది. ఇంటి ముందు చుక్కగా పడేది రోడ్డు మీద ధారగా పోవచ్చునన్నమాట. అందుకని వాకిట్లో మచ్చను చూసి లీకు ఇంతేనని నిశ్చయించుకోవడం కంటే పొరపాటు లేదు.

ఒక షెడ్డుకు తీసుకుపోయాను. ఏ ఊరి షెడ్డో, ఎవరిదో అనవసరం. అక్కడ పావుగంటలో పని ముగించారు. నూనె జిడ్డు మీదనే, తుప్పు పొరల మీదనే ఎం-సీల్ ముద్ద మెత్తారు. దానితోపాటు ‘ప్యాకింగు వదులయింది సార్’ అని చుట్టూ బోల్టులన్నీ మూరెడు పానాతో బిర్రున బిగించారు. మచ్చ మాయమయింది. నేను సంతోషించాను.

2023 ఫిబ్రవరిలో మదనపల్లెలో మా చెల్లెలి ఇంటికి మా నాయనను తీసుకొని తిరుపతి నుంచి బయలుదేరాను. బండెక్కే ముందు ఆయన అలవాటుగా అడిగాడు. “ఆయిలు చూసినావా రా?” “చూసినా నాయనా” అన్నాను. చూడలేదు. రంగంపేట దాటి భాకరాపేట ఘాటు ఎక్కుతూ ఉండగా, మాట్లాడుతూ మాట్లాడుతూ ఉన్న ఆయన హఠాత్తుగా ఆగి, చెవి ఒగ్గి, నా చేతి పక్కనుంచి చెయ్యి చాపి తాళం తిప్పి ఇంజను ఆపేశాడు. నాకేమీ వినబడలేదు. అప్పుడు చూస్తే ఆయిలు ప్రెషరు సూది సున్నా దగ్గర ఉన్నది. అది ఎంతసేపటి నుంచి అక్కడ ఉందో నాకు తెలియదు.

ఘాటులోనే ఎందుకు అట్లా అయింది? బండి వంగినా చమురు వంగదు, దాని మట్టం నేలకు సమంగానే నిలుస్తుంది. పన్నెండుకు ఒకటి వాలు అనుకుంటే, అరమీటరు పొడవు పళ్ళెంలో ముందు కొసకూ వెనక కొసకూ మట్టంలో నాలుగు సెంటీమీటర్ల తేడా వస్తుంది. చమురు నిండుగా ఉంటే ఆ తేడా ఏమీ చేయదు. అడుగంటి ఉంటే జాలీ నోరు బయటపడి, పంపు చమురుకు బదులు గాలి పీలుస్తుంది. చదునైన రోడ్డు మీద గట్టెక్కిన బండి ఘాటులో చేతులెత్తేయడానికి కారణం ఇదే. కిందికి వంగి చూస్తే ఎం-సీల్ ముద్ద ఎక్కడో రాలిపోయింది. దానితోపాటు అది అంటుకున్న తుప్పు పొర కూడా ఊడి, చిల్లు పెద్దదయింది.

మా నాయన అబద్ధం గురించి ఒక్క మాట అనలేదు. రాతి మీద కూర్చొని, చిత్తూరులో తనకు నలభై ఏళ్ళుగా తెలిసిన పెద్ద మేస్త్రీకి ఫోను చేయమన్నాడు. బండిని చిన్న లారీకి ఎక్కించి చిత్తూరు చేర్చాము.

మేస్త్రీ డెబ్బై దాటిన మనిషి. నేను సంపు పోయిందని చెప్పబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. “చుక్క పడే చోటు కాదు సామీ చూడాల్సింది. యాడ పుడతా ఉండాదో అది చూడాల” అన్నాడు. పైన వాల్వు మూత ప్యాకింగు పోయినా, పక్కనున్న ట్యాపెట్ మూతల దగ్గర కారినా, ముందు టైమింగు మూత దగ్గర చెమర్చినా నూనె ఇంజను ఒంటి మీదుగా జారి, గాలికి వెనక్కి కొట్టుకొని, చివరికి సంపు మూల నుంచే బొట్టు రాలుతుంది. బొట్టు చూసి సంపు దించినవాడు వట్టి చాకిరీ చేసినట్టు. ఆయన చేయించిన పద్ధతి ఇది. ఇంజను అడుగంతా కిరసనాయిలుతో బ్రష్షు పెట్టి కడిగి, గుడ్డతో తుడిచి ఆరనిచ్చి, మెత్తటి సుద్దపొడి చల్లాడు. రెండు లీటర్ల చమురు పోసి, బండి స్టార్టు చేయకుండానే కింద వార్తాపత్రిక పరిచాడు. గంట తరువాత తెల్లటి పొడి మీద నల్లటి దారులు మూడు కనిపించాయి. రెండు సంపు రేకులోంచే. ఒకటి అంచు బోల్టు దగ్గర. స్టార్టు చేసి చూడవలసిన లీకులు వేరే ఉంటాయి గానీ, బేరింగులు ఏ స్థితిలో ఉన్నాయో తెలియకుండా ఆ ఇంజను స్టార్టు చేయడానికి ఆయన ఒప్పుకోలేదు.

తరువాతి పని నా చేత చేయించాడు, నేనే అడిగాను గనుక. వెనక చక్రాలకు ముందూ వెనకా రాళ్ళు పెట్టి, ముందు భాగం జాకీతో లేపి, రెండు వైపులా ఇనుప స్టాండ్లు నిలిపాము. జాకీ ఒక్కదాన్ని నమ్మి కిందికి దూరరాదు. ఇది ఎవరికి వారు గుర్తుంచుకోవలసిన మాట, చెప్పిన కొద్దీ తక్కువే. చమురు తీసిన తరువాత పాత్రలో వేలు ముంచి ఎండలో చూశాడు మేస్త్రీ. వెండి రజను వంటిది మెరిసింది. అయస్కాంతానికి అంటలేదు. అది ఇనుము కాదు, బేరింగు షెల్లుల పూత. ఆ మెరుపు చూసి నా నోరు ఎండిపోయింది.

బోల్టులు విప్పినా పళ్ళెం ఊడి రాలేదు. స్క్రూడ్రైవరు దూర్చి ఎత్తబోయాను. మేస్త్రీ నా చేతిలోంచి లాక్కున్నాడు. అంచు ఒకచోట వంగిందంటే ఎన్ని ప్యాకింగులు వేసినా అక్కడ కారక మానదు. కొయ్య సుత్తితో పక్కలకు నాలుగు దెబ్బలు వేస్తే అదే వదిలింది. మా బండికి ఇంజను మౌంటింగు బోల్టులు కూడా సడలించి, రెండంగుళాలు పైకి లేపితే గానీ పళ్ళెం ముందుకు జారలేదు.

సంపు దించినప్పుడు బేరింగులు కింద నుంచే అందుతాయి. ఒకదాని షెల్లు గీసుకుపోయి ఉంది, మిగిలినవి నిలిచాయి. క్రాంకు షాఫ్టుకు మచ్చ పడలేదు. “ఇంగో అర మైలు పోయుంటే మొత్తం ఇంజనే పోయుండు” అన్నాడు మేస్త్రీ, నా వైపు కాక మా నాయన వైపు చూసి.

ఇక పళ్ళెం సంగతి. సోడాకారం వేసిన వేడినీళ్ళలో ఉడికించి, తీగ బ్రష్షుతో తోమితే పొరలు పొరలుగా ఊడింది. తుప్పు తాను తిన్న ఇనుము కంటే చాలా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది, అందుకే చూడటానికి మందంగా, గట్టిగా ఉన్నట్టు కనబడి మోసం చేస్తుంది. మేస్త్రీ చిన్న సుత్తితో అంగుళం అంగుళం తట్టుకుంటూ పోయాడు. మంచి రేకు ఖణీమంటుంది, చచ్చిన రేకు బొద్దుగా పలుకుతుంది. ఆ తరువాత చేసిన పరీక్ష మన ప్రయోగశాలలోనూ చేసి చూపవచ్చు. పళ్ళెం బయటి వైపు సున్నం పూసి ఆరనిచ్చి, లోపల కిరసనాయిలు పోసి వదిలేశాడు. కిరసనాయిలు ఎంత సన్నని రంధ్రంలోనైనా దూరుతుంది. అరగంటలో సున్నం మీద తడి చుక్కలు తేలాయి. మేము రెండనుకున్నవి ఏడు ఉన్నాయి! అన్నీ అరచేయంత మేరలోనే, మర దగ్గర.

ఒక్క చిల్లే ఉండి, చుట్టూ రేకు గట్టిగా ఉంటే కళాయి పెట్టవచ్చట. మన ఇళ్ళల్లో ఇత్తడి గిన్నెలకు వేసే కళాయి వంటి పనే, నవాసారం పూసి తగరం సీసం కలిపిన టాంకా కరిగించి మూసేయడం. ఇది విని నాకు అనుమానం వచ్చింది, వేడికి కరగదా అని. కరగదు. ఆ టాంకా 183 డిగ్రీలకు గాని మెత్తబడటం మొదలుపెట్టదు, సంపులో చమురు మామూలుగా 100, 120 డిగ్రీల దగ్గర ఉంటుంది. అయితే మా రేకు కళాయికి పనికిరాని స్థితి. అక్కడంతా కాగితంలా పలచబడింది. కరెంటు వెల్డింగు పెడితే మాసిన పంచెకు నిప్పంటుకున్నట్టు చిల్లు పెరుగుతూ పోతుంది. వేరే సంపు కోసం మద్రాసు పుదుపేటలో వెతకవచ్చునన్నారు గానీ, కొత్తవి రావడం ఆగిపోయిన బండికి దొరికేదీ పాతదే కదా, దాని తుప్పు మాత్రం ఎవరు చూశారు?

మేస్త్రీ నిర్ణయం ఇది. చచ్చిన రేకు అంతా, దాని చుట్టూ మంచి రేకు తగిలేదాకా కోసి పారేయాలి. దాని స్థానంలో అంత మందమే గల నల్ల రేకు ముక్కను వంపు తీసి, గ్యాసు మంటతో ఇత్తడి కడ్డీ కరిగించి అతకాలి. జింకు పూత రేకు వాడరాదు, మంటకు ఆ పూత విషపు పొగ అవుతుంది. అతికే ముందు అంచుల మీద వెలిగారం చల్లాడు. అది కరిగి, వేడి ఇనుము మీద పుట్టే ఆక్సైడును తనలో కలుపుకొని, ఇత్తడి పారడానికి దారి శుభ్రం చేస్తుంది. వెలిగారం పూస పరీక్షను బి.ఎస్సీ.లో చేసినవాళ్ళంతా ఈ పని వెనుక రసాయనం గుర్తుపడతారు. పళ్ళెం అంచు వేడికి మెలి తిరగకుండా ముందుగానే దాన్ని మందపాటి ఇనుప చట్రానికి బోల్టులతో బిగించి ఉంచాడు. ఇదంతా సంపును దించి, కడిగి, ఆరుబయట పెట్టి చేసిన పని. బండికి ఉండగానే మంట పెట్టబోయేవాళ్ళు అక్కడక్కడ ఉన్నారు, వారికి దూరంగా ఉండటం మంచిది.

చల్లబడ్డాక అంచును చూశాము. అంతకుముందు మూరెడు పానాతో బిగించిన ఫలితంగా ప్రతి బోల్టు రంధ్రం చుట్టూ రేకు పైకి ఉబ్బి ఉంది. బోల్టు దగ్గర అంచు ప్యాకింగును నలిపేసి, రెండు బోల్టుల నడుమ ఎడం ఇస్తుంది, అక్కడ కారుతుంది. ఎంత గట్టిగా బిగిస్తే అంత బాగా కారడం! షెడ్డు గడప దగ్గర పరిచి ఉన్న కడప బండను కడిగి, పళ్ళేన్ని దాని మీద బోర్లించి, సందున్న చోటల్లా సుద్దతో గీత గీసి, ఆ చోట్లను చదునైన ఇనుము మీద పెట్టి నిదానంగా కొట్టి సమం చేశాము. ఈ ఒక్క పనికి ఒక పూట పట్టింది. చూసేవారికి ఇదేమంత పని అనిపిస్తుంది గానీ, నా లెక్కలో అతుకు కంటే ఇదే ముఖ్యం.

మళ్ళీ సున్నం, మళ్ళీ కిరసనాయిలు. ఈసారి రాత్రంతా ఉంచినా తడి రాలేదు. బయట రెడాక్సైడు పూసి పైన నల్ల రంగు వేశాము. లోపల ఏ రంగూ వేయరాదు, అది పొట్టులుగా లేచి జాలీకి అడ్డం పడుతుంది. ఈ కారణం చేతనే సిలికాను గమ్ము కూడా పెసర గింజంత మందం మించి పూయకూడదు. బయటికి ఎంత పిండుకొని వచ్చిందో లోపలికీ అంతే వస్తుంది. ముందూ వెనకా బేరింగు మూతల కింద అర్ధచంద్రాకారపు బెండు ముక్కలు గాడిలోంచి కొంచెం పైకి నిలిచేట్టు పెట్టి, బోల్టులన్నీ మొదట వేళ్ళతో తిప్పి, ఆ తరువాత నడుమ నుంచి రెండు కొసలకూ, ఎదురెదురుగా, మూడు దఫాలుగా బిగించాము. మణికట్టు బలం చాలు, భుజం బలం వద్దు.

కొత్త చమురు పోసి, స్పార్కు ప్లగ్గులు తీసేసి, స్టార్టరుతో ఇంజనును ఊరికే తిప్పాము, చమురు బేరింగులకు అందేదాకా. సూది లేచింది. అప్పుడు ప్లగ్గులు బిగించి స్టార్టు చేశాము. మా నాయన బానెట్టు మీద చెయ్యి పెట్టి కళ్ళు మూసుకొని విన్నాడు. పాత చమురును మేస్త్రీ డబ్బాకెత్తి కొనేవాళ్ళకిచ్చాడు, కాలువలో పోయనివ్వలేదు.

ఇప్పుడు బండి చిత్తూరులో మా నాయన దగ్గరే ఉంది. రాత్రి కింద వార్తాపత్రిక పరుస్తాడు, తెల్లారి చూసి మడిచి పెడతాడు. సంపు కింద మచ్చ లేదు. వెనక, క్లచ్ గంట కింది రంధ్రం దగ్గర మాత్రం రోజుకు రెండు మూడు చుక్కలు పడుతున్నాయి. ఆ ఇంజనుకు వెనక కొసన రబ్బరు సీలు లేదు, చమురును లోపలికి తిరిగి నెట్టే మర గాడి మాత్రమే ఉంది. తిరుగుతున్నంతసేపు నెడుతుంది, ఆగితే రెండు చుక్కలు వదులుతుంది. దాని జోలికి పోవాలంటే ఇంజనే దించాలి. మేస్త్రీ వద్దన్నాడు. ఆదివారం నేను పోయినప్పుడు మొదట ఆయిలు కడ్డీ తీసి, తుడిచి, మళ్ళీ ముంచి, మా నాయనకు చూపిస్తాను. ఆయన కళ్ళజోడు పెట్టుకొని చూస్తాడు.